పంపు పోయిందా? పంపుకు కరెంటు పోయిందా?
పాల బండి దారిలో ఆగినప్పుడు చూడవలసిన పాఠం



పాల నాణ్యత అనగానే మనకు గుర్తుకు వచ్చేవి దాణా, పచ్చిమేత, పొదుగు శుభ్రత, కేను శుభ్రత. ఇవన్నీ సక్రమంగా పాటించినా పాలు విరిగిపోయే సందర్భం ఇంకొకటి ఉంది. అది పాలు తీసుకువెళ్ళే బండి నడిదారిలో ఆగిపోవడం.

మన జిల్లా పడమటి భాగం మెట్ట ప్రాంతం. వెలిగొండల కింద ఉన్న సీతారామపురం, ఉదయగిరి మొదలుకొని మర్రిపాడు, ఆత్మకూరు వరకు ఊళ్ళు దూరదూరంగా ఉంటాయి. బండి ఆగితే మెకానిక్కు ఉదయగిరి నుంచో ఆత్మకూరు నుంచో రావాలి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. అప్పుడే పితికిన పాలకు సూక్ష్మజీవులను కొంతసేపు అదుపులో ఉంచుకునే సహజశక్తి ఉంది. కాని సుమారు 30 డిగ్రీల వేడిలో ఆ శక్తి రెండు మూడు గంటలకు మించి నిలవదు. ఎండ ముదిరితే ఇంకా తక్కువ. ఆ లోపల పాలు శీతలీకరణ కేంద్రం చేరి 4 డిగ్రీలకు చల్లబడాలి.

పాలు పితకడం, సంఘానికి తేవడం, కొలత, పరీక్ష, బండి ఎక్కించడం, వీటికే గంట పైగా గడిచిపోతుంది. మిగిలిన గంటలోనే బండి రూటు పూర్తి చేయాలి. 40 లీటర్ల కేన్లు 25 ఉన్న బండి ఆగిందంటే వెయ్యి లీటర్ల పాలు దారిలో ఉన్నట్లే. ఆ వెయ్యి లీటర్లలో రెండు గేదెలున్న ఇంటివారి నాలుగు లీటర్లు కూడా ఉంటాయి. కేంద్రంలో మరగబెట్టి చూసే పరీక్షలో పాలు విరిగితే ఆ పూట శ్రమకు విలువ లేకుండా పోతుంది.

అందువల్ల బండి సంగతి డ్రైవరు ఒక్కడిదే అనుకోరాదు. ఈ పాఠంలో తరచుగా వచ్చే ఒక తప్పును తీసుకుందాం. ఇంజను తిరుగుతుంది, అంటుకోదు. "పెట్రోలు పంపు పోయిందంట అన్నా" అని సెక్రటరీ గారికి ఫోను వస్తుంది. పంపు మార్చితే వేల రూపాయల ఖర్చు. మార్చిన తర్వాత కూడా బండి కదలకపోతే? అప్పుడు తెలుస్తుంది, పంపు బాగానే ఉంది, దానికి కరెంటే అందలేదని.

బోరు మోటారుతో పోలిక

బోరు మోటారు ఆడనప్పుడు మనం ఏం చేస్తాం? వెంటనే పైపులన్నీ పైకి లాగం. ముందు లైనులో కరెంటు ఉన్నదా చూస్తాం. తర్వాత ఫ్యూజులు, ఆ తర్వాత స్టార్టరు, ఆ తర్వాత కేబులు. ఇవన్నీ బాగున్నాయని తేలిన తర్వాతనే మోటారు బయటికి తీస్తాం.

పెట్రోలు బండి పంపు కూడా అచ్చంగా ఇలాంటిదే. పాత కార్బ్యురేటరు బండ్లలో చాలావాటికి పంపును ఇంజనే నడిపేది. పెట్రోలును ఇంజెక్టర్ల ద్వారా పిచికారీ చేసే నేటి బండ్లలో పంపు ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉంటుంది. బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది. బోరులో సబ్‌మెర్సిబుల్ మోటారును నీరు చల్లబరచినట్లే ట్యాంకులో పంపును పెట్రోలు చల్లబరుస్తుంది.

కరెంటు దారి ఇది: బ్యాటరీ, ఫ్యూజు, రిలే, వైరు, పంపు, అక్కడినుంచి ఎర్తు వైరు ద్వారా ఛాసిస్, తిరిగి బ్యాటరీ. ఇందులో రిలే మన స్టార్టరు వంటిది. చిన్న కరెంటు రిలే లోపలి కాయిలును పనిచేయిస్తుంది, కాయిలు పెద్ద కరెంటు దారిని కలుపుతుంది. స్టార్టరుకు మనం మీట నొక్కుతాం. రిలేకు ఆ మీట నొక్కేది బండిలోని కంప్యూటరు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోవాలి. తాళం తిప్పగానే కంప్యూటరు పంపును రెండు మూడు సెకన్లు మాత్రమే ఆడించి ఆపేస్తుంది. సెల్ఫు కొట్టి ఇంజను తిరుగుతున్నదని తెలిసిన తర్వాతనే మళ్ళీ ఆడిస్తుంది. ప్రమాదంలో ఇంజను ఆగిపోతే పెట్రోలు పారకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. ఇది తెలియక తాళం తిప్పిన నిమిషానికి వైరు పరీక్షించి "కరెంటు లేదు" అని తేల్చేవారు ఉన్నారు. ఒకరు తాళం తిప్పాలి, అదే క్షణంలో మరొకరు చూడాలి.

ముందుగా జాగ్రత్తలు

1. బండిని రోడ్డు పక్కకు తీసి చక్రాలకు రాళ్ళు పెట్టండి. బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల దగ్గరకు రానివ్వవద్దు.
2. వైరును ఛాసిస్‌కు రాకించి నిప్పురవ్వ వస్తున్నదా అని చూసే అలవాటు పూర్తిగా మానాలి. ట్యాంకు దగ్గర ఒక్క రవ్వ చాలు.
3. టెస్టు లాంపు క్లిప్పులు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు తాళం ఆపి ఉండాలి. లాంపుకు పొడవైన వైర్లు ఉంచి బల్బును ట్యాంకుకు దూరంగా పెట్టుకోవాలి.
4. పెట్రోలు పైపులు విప్పవద్దు. వాటిలో ఒత్తిడి నిలిచి ఉంటుంది.
5. పెట్రోలు వాసన గాని, కారడం గాని కనిపిస్తే ఏ పరీక్షా వద్దు. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి మెకానిక్కును పిలిపించండి.

పరీక్ష వరుస

మొదటిది: సెల్ఫు. తాళం తిప్పినప్పుడు సెల్ఫు నీరసంగా తిరిగినా, టకటకమని ఆగినా తప్పు బ్యాటరీది లేదా దాని క్లిప్పులది. బాగా ఛార్జి ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 ఓల్టులు చూపుతుంది. సెల్ఫు చురుకుగా తిరిగి ఇంజను అంటుకోకపోతే ముందుకు సాగండి.

రెండవది: చూపు, వినికిడి. చుట్టూ నిశ్శబ్దంగా ఉంచి తాళం తిప్పండి, సెల్ఫు కొట్టవద్దు. డాష్‌బోర్డులో ఇంజను బొమ్మ దీపం వెలగాలి. అది వెలగకపోతే కంప్యూటరుకే కరెంటు అందడం లేదేమో. పంపు జోలికి పోకుండా ముందు ప్రధాన ఫ్యూజు, ప్రధాన రిలే చూడాలి. దీపం వెలిగితే ట్యాంకు వైపు చెవి పెట్టండి. రెండు సెకన్లు సన్నని గుయ్యిమనే శబ్దం వస్తే పంపుకు కరెంటు అందుతున్నట్లే. అప్పుడు ట్యాంకులో పెట్రోలు ఉన్నదా, ఫిల్టరు మూసుకుపోయిందా అన్నవి చూడాలి. శబ్దం లేకపోతే తాళం ఆపి, పది సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ లేకపోతే మూడవ పరీక్షకు రండి.

మూడవది: ఫ్యూజు. ఫ్యూజు పెట్టె మూత లోపల ఏది దేనిదో బొమ్మ ఉంటుంది. పంపు ఫ్యూజును బయటికి తీసి వెలుతురులో చూడండి. లోపలి తీగ తెగి ఉంటే అంతే ఆంపియర్ల కొత్తది వేయాలి. రంగును బట్టి గుర్తు పట్టవచ్చు: ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లు. సిగరెట్టు పెట్టె కాగితం, రాగి తీగ చుట్టి నడపవద్దు. ఫ్యూజు కాలకపోతే వైరు కాలుతుంది, వైరు పక్కనే పెట్రోలు ఉంది.

కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే దానికి కారణం ఉంది. పంపు దగ్గర కనెక్టరు విడదీసి మరొక ఫ్యూజు వేసి తాళం తిప్పండి. ఇప్పుడు ఫ్యూజు నిలిస్తే పంపు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతున్నదని అనుమానించాలి. అప్పటికీ పోతే మధ్యలో ఎక్కడో వైరు ఒరిసి ఛాసిస్‌కు తగులుతున్నది.

నాలుగవది: రిలే. రిలే మీద వేలు పెట్టి మరొకరిని తాళం తిప్పమనండి. టిక్కుమని తగిలితే కంప్యూటరు ఆజ్ఞ అందుతున్నది. తగలకపోతే రిలే గాని, దానికి వచ్చే ఆజ్ఞ గాని లోపం. హారన్ రిలే కూడా అదే నంబరుది, అవే కాళ్ళు గలది అయితే రెండింటినీ మార్చి చూడండి. పంపు ఆడితే పాత రిలే పోయినట్లే. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

టిక్కుమన్నంత మాత్రాన రిలే బాగున్నదని చెప్పలేం. లోపలి పాయింట్లు కాలిపోయి ఉండవచ్చు. చాలా రిలేల కాళ్ళకు నంబర్లు ఉంటాయి. 30 బ్యాటరీ నుంచి వచ్చేది, 87 పంపుకు పోయేది, 85, 86 కాయిలువి. 30 వద్ద కరెంటు ఉండి, రిలే టిక్కుమన్నా 87 వద్ద రాకపోతే రిలే మార్చాలి. 30, 87 స్థానాలను ఫ్యూజు ఉన్న వైరుతో క్షణకాలం కలిపి చూసే పద్ధతి మెకానిక్కులకు తెలుసు. అప్పుడు పంపు ఆడితే పంపు, వైరు, ఎర్తు మూడూ బాగున్నట్లే. కాని ఆ వైరును అలాగే ఉంచి బండి నడపరాదు. బండి బోల్తా పడినా పంపు పెట్రోలు తోడుతూనే ఉంటుంది.

ఐదవది: పంపు దగ్గర లాంపు. ఈ పాఠానికి ఇదే గుండెకాయ. తాళం ఆపి పంపు కనెక్టరు విడదీయండి. సాధారణంగా రెండు లావు వైర్లు పంపువి, సన్నవి పెట్రోలు ముల్లువి. బండి వైపు ఉన్న రెండు లావు వైర్ల మధ్య 12 ఓల్టుల 21 వాట్ల ఇండికేటరు బల్బు కలపండి. దూరంగా జరిగి తాళం తిప్పమనండి.

బల్బు రెండు సెకన్లు నిండుగా వెలిగితే కరెంటు వస్తున్నది, ఎర్తు కూడా బాగుంది. అప్పుడు మాత్రమే పంపును అనుమానించాలి.

వెలగకపోతే బల్బు ఒక కొసను కరెంటు వైరుకే ఉంచి రెండవ కొసను ఛాసిస్‌లో శుభ్రంగా గీకిన చోట కలపండి. ఇప్పుడు వెలిగితే ఎర్తు వైరు తెగింది లేదా తుప్పు పట్టింది. ఇప్పటికీ వెలగకపోతే రిలే నుంచి ట్యాంకు వరకు ఉన్న వైరులో లోపం. బల్బు మిణుకుమిణుకుమంటే ఎక్కడో కలయిక వదులైంది.

మల్టీమీటరు ఉండగా బల్బు ఎందుకు అని అడగవచ్చు. వైరులో పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు 12 ఓల్టులు చూపుతుంది. కాని ఆ ఒక్క పోగు పంపును తిప్పలేదు. ఇంటికి వచ్చే కరెంటు బల్బును వెలిగించినా మోటారును తిప్పలేకపోవడం మనం చూసిందే. 21 వాట్ల బల్బు సుమారు ఒకటిన్నర, రెండు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి వైరు సత్తా బయటపడుతుంది. అయితే ఈ పెద్ద బల్బును కంప్యూటరుకు పోయే సన్న వైర్లకు ఎన్నడూ కలపవద్దు. కంప్యూటరు పాడవుతుంది.

ఆరవది: భారం మీద కొలత. పంపు నీరసంగా ఆడుతుంటే కనెక్టరు కలిపి ఉంచి పంపు ఆడుతుండగానే మీటరుతో కొలవాలి. ఒక ఉదాహరణ చూద్దాం. బ్యాటరీ వద్ద 12.4, పంపు వద్ద 8.9 ఓల్టులు ఉన్నాయి. దారిలో 3.5 ఓల్టులు పోయాయి. బ్యాటరీ ప్లస్సు నుంచి పంపు ప్లస్సుకు కొలిస్తే 0.3 వచ్చింది. పంపు ఎర్తు నుంచి బ్యాటరీ మైనస్సుకు కొలిస్తే 3.2 వచ్చింది. అంటే దొంగ ఎర్తు వైపు ఉన్నాడు. ప్లస్సు వైపు అర ఓల్టు, ఎర్తు వైపు 0.2 ఓల్టు దాటితే ఆ వైపు కలయికలు శుభ్రం చేయాలి.

ఏడవది: సెల్ఫు కొట్టేటప్పుడు. తాళం తిప్పగానే పంపు ఆడి, సెల్ఫు కొడుతున్నప్పుడు ఆడకపోతే ఇంజను తిరుగుతున్నదని కంప్యూటరుకు చెప్పే క్రాంక్ సెన్సారును అనుమానించాలి. కొన్ని బండ్లలో దొంగతాళం ఏర్పాటు కూడా ఇంజనును అంటుకోనివ్వదు. రెండవ తాళం చెవితో ప్రయత్నించండి. ఇక్కడ నుంచి పని మెకానిక్కుది. మీరు అప్పటివరకు చూసినది వరుసగా చెబితే అతని పని సగం తగ్గుతుంది.

పాల బండికి ప్రత్యేకమైన తెగుళ్ళు

పాల బండిలో తడి ఎప్పుడూ ఉంటుంది. కేన్ల నుంచి ఒలికిన పాలు, కడిగిన సోడా నీళ్ళు కిందికి కారి ఛాసిస్ మీది ఎర్తు బోల్టుపై పేరుకుంటాయి. అక్కడ తుప్పు పుడుతుంది. మట్టి దారుల్లో కుదుపులకు వైరు క్లిప్పు ఊడి ఛాసిస్ అంచుకు ఒరుస్తుంది. రాత్రిపూట దాణా బస్తాల పక్కన నిలిపిన బండిలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ట్యాంకు అడుగంటే వరకు నడిపితే పంపు వేడెక్కి, నీళ్ళు లేని బోరులో మోటారు వలె, తొందరగా దెబ్బతింటుంది.

వీటికి మందు చేతిలో పనే. నెలకు ఒకసారి ఎర్తు బోల్టు విప్పి ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, పైన కొద్దిగా గ్రీజు పూయాలి. బండి కడిగేటప్పుడు ఫ్యూజు పెట్టె మీద, కనెక్టర్ల మీద నీటి ధార కొట్టవద్దు. ట్యాంకులో ఎప్పుడూ పావు వంతుకు తగ్గకుండా పెట్రోలు ఉంచాలి. బండిలో ఒక చిన్న పెట్టె పెట్టి అందులో ఫ్యూజులు, ఒక రిలే, 21 వాట్ల బల్బు, రెండు పొడవు వైర్లు, స్క్రూడ్రైవరు, ఉప్పుకాగితం, టార్చి ఉంచాలి. మొత్తం ఖర్చు విరిగిపోయిన ఒక్క కేను పాల విలువ కన్నా తక్కువే.

డీజిలు బండి గలవారికి

డీజిలు బండ్లలో చాలావాటికి ప్రధాన పంపును ఇంజనే తిప్పుతుంది. కనుక ట్యాంకులో శబ్దం లేదని కంగారుపడవద్దు. పాత రకం డీజిలు బండ్లలో పంపు మీద డీజిలును ఆపి వదిలే సోలినాయిడు ఉంటుంది. తాళం తిప్పగానే అది టక్కుమనాలి. అనకపోతే పైన చెప్పిన వరుసలోనే ఫ్యూజు, వైరు చూడాలి. కామన్ రైలు బండ్లలో మాత్రం పైపులు ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. వాటిలో ఒత్తిడి వెయ్యి రెట్ల వాతావరణ పీడనాన్ని మించుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుపోతుంది.

పరీక్షలో పడి పాలను మరువవద్దు

బండి ఆగిన వెంటనే మొదటి పని సంఘానికీ, శీతలీకరణ కేంద్రానికీ ఫోను చేసి సమయం చెప్పడం. రెండవది కేన్లను చెట్టు నీడకు చేర్చి తడిపిన గోనె సంచులు కప్పడం. గాలి తగిలే కొద్దీ తడి ఆరుతూ కేను వేడిని తీసుకుంటుంది. పాలలో మంచు ముక్కలు గాని, నీళ్ళు గాని, సోడా గాని వేయరాదు. అది పాలను కాపాడడం కాదు, కల్తీ.

అరగంట పెట్టుకోండి. మొదటి నాలుగు పరీక్షలకు పది నిమిషాలు, ఐదవదానికి ఇరవై నిమిషాలు చాలు. అరగంటలో తప్పు తేలకపోతే బండిని వదిలి పాలను చూసుకోవాలి. దగ్గరి ఊరి నుంచి ట్రాలీ ఆటోనో, ట్రాక్టరో పిలిపించి కేన్లు ఎక్కించండి. బండి రేపు బాగవుతుంది. పాలు రేపటికి ఆగవు. కేంద్రంలో ఆలస్యమైన కేన్లను వేరుగా పరీక్షించమని కోరండి. ముందు ఎక్కిన ఊరి పాలు దెబ్బతిన్నా, చివర ఎక్కిన ఊరి పాలు నిలిచి ఉండవచ్చు. అన్నీ కలిపేస్తే అందరికీ నష్టం.

ఇందుకు రూటు వెంట ఉన్న సంఘాలు ముందే మాట్లాడుకోవాలి. ఏ ఊళ్ళో ఎవరి బండి పిలవాలి, బాడుగ ఏ ఖాతాలో రాయాలి అన్నది పాలకవర్గ సమావేశంలో తీర్మానం చేసి ఉంచుకుంటే నడిరోడ్డు మీద వాదన ఉండదు.

సమావేశంలో అడగవలసిన ప్రశ్నలు

1. మన రూటు బండి ఫ్యూజు పెట్టె ఎక్కడ ఉన్నదో డ్రైవరుతో పాటు ఇంకెవరికి తెలుసు?
2. బండిలో విడి ఫ్యూజులు, రిలే, టెస్టు బల్బు ఉన్నాయా?
3. ఎర్తు బోల్టు శుభ్రం చేసి ఎన్నాళ్ళైంది?
4. బండి ఆగిన రోజు పిలవడానికి రెండవ బండి నిర్ణయమైందా?
5. గత ఏడాది మార్చిన విడిభాగాల్లో పరీక్షించి మార్చినవి ఎన్ని, ఊహించి మార్చినవి ఎన్ని?

అయిదవ ప్రశ్నకు జవాబు రిపేరు బిల్లులలో దొరుకుతుంది. ఒకసారి తీసి చూడండి. ఊహించి మార్చిన ప్రతి సామాను ఖరీదూ చివరకు పడేది సభ్యుల పాల డబ్బు మీదనే. బోరు మోటారు విషయంలో మన రైతుకు ఉన్న తెలివి పాల బండి విషయంలోనూ ఉంది. దానిని వాడుకోవడమే మిగిలింది. పంపును విప్పే ముందు కరెంటు దారి చూడండి.